మీకు తెలుసా? వెబ్‌పేజీలో ఫొటో ఉండదు

మనం రోజూ చూసే ఏ వెబ్‌పేజీలోనూ మామూలుగా ఫొటో ఉండదు. ఆ ఫొటో ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. పేజీ తెరవగానే బ్రౌజర్ ఆ చిరునామా పట్టుకుని మళ్లీ బయల్దేరి, ఫొటోను విడిగా తెచ్చి, చెప్పిన చోట అతికిస్తుంది. పేజీలో పది ఫొటోలుంటే పది ప్రయాణాలు. ఆ చిరునామా ఫోన్ నంబరు లాంటిది, ఒక్క అంకె తేడా వచ్చినా అవతల పలికేది మనవాళ్లు కాదు.

పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం చుట్టుపక్కల ఇంజినీరింగు, డిగ్రీ చదివే పిల్లలు ఇప్పుడు సొంతంగా వెబ్‌పేజీలు కడుతున్నారు. మన పిల్లలు మొదటి పేజీలో ఏం పెడతారు? సంతకొచ్చిన చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు, సవర గిరిజనుల ఇళ్ల గోడబొమ్మలు. పేజీ తెరిస్తే అక్షరాలన్నీ వస్తాయి, బొమ్మ ఉండాల్సిన చోట మాత్రం చిరిగిన కాగితం గుర్తు కనిపిస్తుంది. కోడింగ్ రాదేమోనని చాలామంది అక్కడే నీరుగారిపోతారు. నిజానికి అలాంటప్పుడు తప్పు ఎక్కువసార్లు కోడింగ్‌లో ఉండదు, పేరులో ఉంటుంది.

1993 దాకా అక్షరాల మధ్య బొమ్మ అరుదు

టిమ్ బెర్నర్స్‌లీ సెర్న్ అనే పరిశోధన సంస్థలో వెబ్‌ను తయారుచేసి 1991లో లోకానికి అందించినప్పుడు అది ప్రధానంగా అక్షరాల లోకం. 1992లో సెర్న్ ఉద్యోగినుల పాటల బృందం 'లెజ్ హారిబుల్ సెర్నెట్స్' ఫొటో వెబ్‌కెక్కింది. వెబ్‌లో తొలి ఫొటోల్లో ఒకటిగా దాన్నే చెప్పుకుంటారు. అక్షరాల మధ్యలోనే బొమ్మ కనిపించాలని 1993 ఫిబ్రవరి 25న మార్క్ ఆండ్రీసన్ ఒక సందేశం రాసి, 'ఐఎమ్‌జీ' అనే ట్యాగ్ ప్రతిపాదించాడు. అప్పటికతను ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొజాయిక్ బ్రౌజర్ కడుతున్న కుర్రాడు. ఇంతకంటే మంచి పద్ధతులున్నాయని కొందరు పెద్దలు అన్నారు. అతను ఆగకుండా మొజాయిక్‌లో పెట్టేశాడు, జనం వాడేశారు. ముప్పై ఏళ్లు దాటినా మన పిల్లలు రాస్తున్నది అదే ట్యాగ్: కోణపు బ్రాకెట్, ఐఎమ్‌జీ, ఒక ఖాళీ, ఎస్‌ఆర్‌సీ, సమానం గుర్తు, కోట్స్ మధ్యలో ఫొటో చిరునామా, చివర మూసే బ్రాకెట్. ఈ ఒక్క వరుసలో ఎన్ని రకాలుగా జారిపడొచ్చో చూడండి.

పెద్దబడి అక్షరం, చిన్నబడి అక్షరం

ఇంట్లో కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన ఫొటో నెట్‌లో పెట్టగానే మాయమైందంటే నేను మొట్టమొదట అనుమానించేది ఇంగ్లిష్ అక్షరాల సైజునే. ఫోల్డర్‌లో ఫైలు పేరు క్యాపిటల్ ఎస్‌తో 'సంత' అని ఉంది, కోడ్‌లో స్మాల్ ఎస్‌తో రాశాం. విండోస్‌కి రెండూ ఒకటే, కాబట్టి ఇంట్లో ఏ ఇబ్బందీ రాదు. నెట్‌లో మన పేజీని దాచే సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీద నడుస్తాయి. లినక్స్‌కి క్యాపిటల్ ఎస్ వేరు, స్మాల్ ఎస్ వేరు, అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని చెప్పేస్తుంది. కెమెరాలు చాలావాటిలో ఫైలు చివర జేపీజీ అన్న మూడక్షరాలూ క్యాపిటల్‌లోనే పడతాయి, మనం అలవాటు కొద్దీ స్మాల్‌లో రాస్తాం. అది కూడా తేడాయే.

ఇందుకే మొదటి పేజీ కట్టేవాళ్లకు ఒకే ఒక్క అలవాటు నేర్పమంటే ఇదే నేర్పుతాను: ఫైలు పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, అవసరమైతే మధ్యలో అడ్డగీతతో పెట్టండి. తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం పుట్టవు.

సీ డ్రైవ్ మీ ఇంట్లోనే

కొందరు ఫొటో చిరునామాగా సీ డ్రైవ్, యూజర్స్, తమ పేరు, డెస్క్‌టాప్ అంటూ పూర్తి దారి రాసేస్తారు. ఆ పేజీ వాళ్ల కంప్యూటర్‌లో మాత్రం భేషుగ్గా కనిపిస్తుంది. గుమ్మలక్ష్మీపురంలో ఉన్న స్నేహితుడు తెరిస్తే, అతని ఫోన్‌లో మన డెస్క్‌టాప్ ఎక్కడినుంచి వస్తుంది? పేజీ ఉన్న ఫోల్డర్‌లోనే ఫొటోల కోసం మరో ఫోల్డర్ పెట్టుకుని, ఆ ఫోల్డర్ పేరు, గీత, ఫైలు పేరు రాస్తే చాలు. అప్పుడు మొత్తం ఎక్కడికి తరలించినా దారి చెడదు. పేజీతోపాటు ఫొటోల ఫోల్డర్‌నూ సర్వర్‌లోకి ఎక్కించడం మరిచిపోవడం ఇంకో మామూలు సంగతి.

వాట్సాప్ పెట్టే పేరు

వాట్సాప్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకున్న ఫొటో పేరు ఒకసారి నిదానంగా చదవండి. వాట్సాప్, ఖాళీ, ఇమేజ్, ఖాళీ, తేదీ, ఖాళీ, ఎట్, ఖాళీ, గంటలు చుక్క నిమిషాలు చుక్క సెకన్లు, ఖాళీ, ఏఎం లేదా పీఎం, చివర జేపీఈజీ. మామూలుగా రాసే జేపీజీ కాదు, మధ్యలో 'ఈ' ఉంది. ఆ 'ఈ' చూసుకోకపోవడం వల్ల కనిపించకుండా పోయిన ఫొటోలకు లెక్క ఉండదు. చిరునామా చుట్టూ కోట్స్ పెట్టకుండా రాస్తే మరో చిక్కు. బ్రౌజర్ మొదటి ఖాళీ దాకానే చదివి, 'వాట్సాప్' అనే ఫైలు కోసం వెతుకుతుంది.

కోట్స్ అంటే గుర్తొచ్చింది. వర్డ్‌లోంచో, ఎవరో పంపిన మెసేజ్‌లోంచో కోడ్ కాపీ చేస్తే నిటారు కోట్స్‌కి బదులు వంపు తిరిగిన కోట్స్ వస్తుంటాయి. కంటికి అందంగానే ఉంటాయి. బ్రౌజర్ మాత్రం వాటిని కోట్స్‌గా గుర్తించదు, ఫైలు పేరులో భాగమే అనుకుంటుంది. పేరు మొత్తం సరిగ్గా ఉన్నా ఫొటో రాకపోతే కోట్స్ చెరిపేసి మళ్లీ చేత్తో కొట్టి చూడండి.

'కురుపాం' అంటే 63 అక్షరాలు

ఫైలుకి తెలుగులో పేరు పెట్టొచ్చా? పెట్టొచ్చు, పనిచేస్తుంది. కానీ తెర వెనక జరిగేది చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ లెక్కలో 'కురుపాం' అంటే ఏడు గుర్తులు: క, కొమ్ము, ర, కొమ్ము, ప, దీర్ఘం, సున్న. ఇప్పుడు వెబ్ దాదాపు అంతా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి, అంటే మొత్తం 21. వెబ్ చిరునామాలో ఒక్కో బైటును శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా రాస్తారు. 21ని మూడుతో గుణిస్తే 63. మన ఊరి పేరు చిరునామాలో 63 అక్షరాల పొడవు సాగుతుంది! ఆ లింకును ఎవరికైనా పంపినప్పుడు మధ్యలో తెగిపోయిందంటే వింతేమీ లేదు. పేజీలో తెలుగు నిండుగా రాయండి, శీర్షిక తెలుగులో పెట్టండి, ఫొటో కింద వివరం తెలుగులో ఇవ్వండి. లోపలి ఫైలు పేరు ఒక్కటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచుకుంటే మేలు.

పేరు మారిస్తే ఫొటో మారదు

2017 నుంచి ఐఫోన్లు ఫొటోలను మామూలుగా హెచ్‌ఈఐసీ అనే పద్ధతిలో దాస్తున్నాయి. చోటు కలిసొస్తుంది కానీ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాన్ని చూపించవు. చివరి అక్షరాలు చెరిపి జేపీజీ అని రాసేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు, లోపలి సరుకు మారదు కదా. అసలైన జేపీజీ ఫైలు ఏదైనా 255, 216 అనే రెండు బైట్లతో మొదలవుతుంది. బ్రౌజర్ పైపేరు కన్నా ఆ మొదటి బైట్లనే నమ్ముతుంది. ఫొటోను ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, జేపీజీగా మళ్లీ సేవ్ చేసుకోవాలి.

విండోస్ ఫైలు పేరు చివరి అక్షరాలను మామూలుగా దాచిపెడుతుందన్నది ఇక్కడే తెలుసుకోవాల్సిన విషయం. కనిపించడం లేదు కదా అని మనమే జేపీజీ అని చేరుస్తాం. నిజం పేరులో జేపీజీ రెండుసార్లు ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలు పేరు చివరి అక్షరాలు చూపించే ఏర్పాటు ఉంది, పేజీలు కట్టేవాళ్లు అది ఎప్పుడూ తెరిచి ఉంచుకోవాలి.

ప్రతి జేపీజీలోనూ ఒక కామిశెట్టివారు

మీ ఫోన్‌లో ఉన్న జేపీజీ ఫొటో ప్రతిదాని వెనకా ఒక తెలుగింటిపేరు ఉందంటే నమ్ముతారా? ఆయన కామిశెట్టి రామమోహనరావు. లోకానికి కె.ఆర్.రావు. 1931లో మద్రాసులో పుట్టి, గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి, 1966 నుంచి టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో పాఠాలు చెప్పారు. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్‌కు 1972లో ఫొటోలను కుదించే లెక్క గురించి ఒక ఆలోచన వచ్చింది. దానికి డబ్బు ఇమ్మని అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే కాదన్నారు. అహ్మద్ వదల్లేదు. తన శిష్యుడు టి.నటరాజన్, స్నేహితుడు కె.ఆర్.రావుతో కలిసి 1974 జనవరిలో ఒక చిన్న పరిశోధన పత్రం వెలువరించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. 1992లో వచ్చిన జేపీజీ ప్రమాణానికి గుండెకాయ అదే. రావుగారు 2021లో కన్నుమూశారు. ముగ్గురూ మన దేశపు మూలాలున్నవాళ్లే. మన బళ్లలో పిల్లలకు ఈ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

డీసీటీ లెక్క చేసే పని ఇదీ. ఫొటోను నిలువు ఎనిమిది, అడ్డం ఎనిమిది చుక్కల (పిక్సెళ్ల) గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో ఉన్న 64 చుక్కలను నెమ్మదిగా మారే ఛాయలు, వేగంగా మారే ఛాయలుగా విడదీస్తుంది. కంటికి అంతగా ఆనని వేగమైన మార్పులను జేపీజీ తగ్గించి రాసుకుంటుంది. కొండ, ఆకాశం, మనిషి ముఖం లాంటి మెత్తటి దృశ్యాలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది.

సవరల గోడబొమ్మ దగ్గరికి వచ్చేసరికి జేపీజీకి కష్టమవుతుంది. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి కలిపిన తెల్లరంగుతో సన్నని గీతలు, వరుసలు కట్టి ఆడే మనుషులు, చెట్లు, జంతువులు, సూర్యుడు, చంద్రుడు ఉంటాయి. ప్రతి గీత అంచూ వేగమైన మార్పే. పైగా జేపీజీ సాధారణంగా వెలుగునీడలను పూర్తిగా ఉంచి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున దాస్తుంది. అందుకే ఫొటోను బాగా కుదిస్తే తెల్లగీతకు పక్కనున్న ఎరుపు అంటుకుని అంచంతా గులాబీ మసకగా తేలుతుంది. గీసినవాళ్ల చేతి నేర్పు అక్కడే పోతుంది. ఇలాంటి ఫొటోలను సేవ్ చేసేటప్పుడు నాణ్యత అంకె 90 దగ్గర పెట్టండి. అదే బొమ్మను కంప్యూటర్‌లో మళ్లీ గీసి పెడుతుంటే, ఏ చుక్కనూ పోనివ్వని పీఎన్‌జీ వాడండి. జిఫ్‌లో వాడిన కుదింపు పద్ధతి మీద పేటెంట్ గొడవ లేచాక, దానికి బదులుగా 1996లో వచ్చిందే ఈ పీఎన్‌జీ.

కొండ మీది సిగ్నల్‌కి లెక్క

12 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫొటో అడ్డం 4,000, నిలువు 3,000 చుక్కలు. బరువు నాలుగు ఎంబీ అనుకుందాం. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున దిగే నెట్‌లో అది రావడానికి 32 సెకన్లు. అలాంటివి ఐదుంటే రెండు నిమిషాల నలభై సెకన్లు. కురుపాం రోడ్డు దాటి కొండవార గూడేలకు పోతే చాలాచోట్ల సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడాలి. అక్కడ రెండు నిమిషాలు ఎవరు ఆగుతారు? వాళ్ల వరకు ఆ ఫొటో లేనట్టే. కనిపించని ఫొటోల్లో ఇదొక రకం, కోడ్‌లో ఏ తప్పూ దొరకదు.

అడ్డం 1,200 చుక్కలకు తగ్గించండి. ఫోన్ తెరకు అది చాలు. నిలువు 900 అవుతుంది, చుక్కల లెక్క పదకొండో వంతుకు పడిపోతుంది. బరువు 200 కేబీకి తేవడం కష్టం కాదు. అప్పుడు ఐదు ఫొటోలూ కలిసి ఎనిమిది సెకన్లు. కోడ్‌లో వెడల్పు 1,200 అని రాసినంత మాత్రాన బరువు తగ్గదు. ఫొటో అంతా దిగాకే తెర మీద చిన్నదిగా కనిపిస్తుంది. ముందే ఫైలునే తగ్గించాలి. వెడల్పు, ఎత్తు అంకెలు కోడ్‌లో రాయడం వేరే మేలు చేస్తుంది: ఫొటో వచ్చేలోపే బ్రౌజర్ దానికి చోటు వదిలిపెడుతుంది, చదువుతున్న వరుస కిందికి గెంతదు.

మన పేజీ మెల్లని నెట్‌లో ఎలా వస్తుందో గట్టెక్కకుండానే చూసుకోవచ్చు. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కితే తెరుచుకునే నెట్‌వర్క్ అరలో నెట్ వేగాన్ని కావాలని తగ్గించే ఏర్పాటు ఉంది.

404 మంచి వార్తే

ఆ నెట్‌వర్క్ అరలోనే ఒక్కో ఫొటో పక్కన ఒక అంకె ఉంటుంది. 404 అంటే ఆ చిరునామాలో ఏమీ లేదని, పేరో దారో తప్పిందని. 403 అంటే ఫైలు ఉన్నా ఇవ్వడానికి అనుమతి లేదని. 200 అని ఉండి కూడా బొమ్మ రాలేదంటే చిరునామా సరైనదే, ఫైలే పాడైందేమో చూడాలి, లేదా వచ్చింది ఫొటో కాదేమో చూడాలి. గూగుల్ డ్రైవ్ షేర్ లింకు పెట్టినప్పుడు జరిగేది ఈ చివరిదే. ఆ లింకు వెనక ఉన్నది ఫొటో కాదు, ఫొటో చూపించే ఇంకో పేజీ. ఫేస్‌బుక్ ఫొటో చిరునామా కాపీ చేస్తే కొన్నాళ్లు పనిచేసి, గడువు తీరాక ఆగిపోతుంది. ఎవరి ఫొటో అయినా అడిగి, మన ఫోల్డర్‌లో పెట్టుకోవడమే పద్ధతి. ఫోన్ తప్ప ఇంకేమీ లేనివాళ్లు ఫొటో చిరునామాను నేరుగా బ్రౌజర్ పైపట్టీలో కొట్టి చూస్తే చాలు, తప్పు పేజీలో ఉందో ఫైలులో ఉందో తేలిపోతుంది.

కొత్త ఫొటో పెట్టినా పాతదే కనిపిస్తుంటే అది బ్రౌజర్ దాచుకున్న కాపీ. కంప్యూటర్‌లో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కాలి. చూసేవాళ్లందరితో అలా నొక్కించలేం కాబట్టి కొత్త ఫొటోకు కొత్త పేరు పెట్టడం మంచిది. 2022 ఏప్రిల్ 4న కురుపాం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. విజయనగరం జిల్లా అని రాసి ఉన్న పాత మ్యాపు బొమ్మలు మార్చేటప్పుడు ఫైలు పేరు కూడా మార్చడం గుర్తుంచుకోండి.

ఫొటోలో మీ ఇంటి దారి

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే ఆ ఫొటో ఫైలులోనే అక్షాంశం, రేఖాంశం రాసి ఉండొచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటాయి. ఆశ్రమ పాఠశాల పిల్లలు, అడవిలోని పూజా స్థలాలు, ఒంటరి ఇళ్లు ఉన్న ఫొటోలను ఆ వివరాలు చెరిపేశాకే నెట్‌లో పెట్టండి. దీనికి మినహాయింపు లేదు.

బొమ్మ రాకపోయినా మాట వస్తుంది

ఐఎమ్‌జీ ట్యాగ్‌లో 'ఆల్ట్' అని ఒక చోటుంది, 1995 నాటి హెచ్‌టీఎమ్ఎల్ ప్రమాణంలోనే ఉంది. ఫొటో రానప్పుడు దాని స్థానంలో ఆ మాటలు కనిపిస్తాయి. చూపు లేనివాళ్ల ఫోన్ వాటినే చదివి వినిపిస్తుంది. 'ఫొటో 1' అని రాసి వదిలేయడం ఆ చోటును పాడుచేయడమే. 'ఎర్రమట్టి గోడ మీద తెల్లరంగుతో గీసిన సవర బొమ్మ, చేతులు పట్టుకుని వరుసగా ఆడుతున్న మనుషులు' అని రాయండి. మెల్లని నెట్‌లో ముందుగా చేరేది ఈ వాక్యమే.

సవర మాటలు రాసేవాళ్లు తరచూ ఆ మాటలనే బొమ్మగా చేసి పెడతారు. సవర భాషకు మంగేయి గొమాంగో 1936లో సోరంగ్ సోంపెంగ్ లిపి కూర్చాడు, 2012లో అది యూనికోడ్‌లో చేరింది. ఫాంటు లేని ఫోన్లలో మాత్రం ఇప్పటికీ ఆ లిపి చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, అందుకే బొమ్మగా పెడతారు. అర్థం చేసుకోదగ్గదే. కానీ బొమ్మలోని మాట వెతికితే దొరకదు, కాపీకి రాదు, వినిపించదు. సవర మాటను అందరికీ అందించే పని పాతదే: గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే సవర నేర్చుకుని, ఆ భాష మీద రాసిన పుస్తకం 1931లో మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయింది. ఇవాళ పేజీ కట్టే పిల్లలు సవర మాట ఉన్న బొమ్మకు ఆల్ట్‌లో అదే మాటను తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం చేరిస్తే, ఫాంటు ఉన్నా లేకున్నా, ఫొటో వచ్చినా రాకున్నా, వెతికేవాళ్లకు ఆ సవర మాట దొరుకుతుంది.